స్టాండప్ మానేసి పాడ్‌కాస్ట్ పెట్టాలా?

ప్రశ్న: నా వయసు 34. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, ఆరేళ్లుగా శని, ఆదివారాల్లో తెలుగులో స్టాండప్ కామెడీ చేస్తున్నాను. ఎవరైనా వేదిక ఎక్కి ప్రయత్నించగల ఓపెన్ మైకుల్లో నవ్వుతారు కానీ, టికెట్టు కొని నా కోసమే వచ్చేవాళ్లు లేరు. నాతో కలిసి మొదలుపెట్టిన ఇద్దరు ఇప్పుడు సినిమాల్లో ఉన్నారు. వాళ్ల ఫోన్ నంబర్లు ఉన్నా మాట్లాడబుద్ధి కావడం లేదు. అమెరికాలో జో రోగన్, మార్క్ మారన్ వంటి కమెడియన్లు పాడ్‌కాస్ట్‌తోనే పెద్దవాళ్లయ్యారు కదా. అందుకని ఉద్యోగమూ స్టాండప్పూ రెండూ మానేసి, మణికొండలో గది అద్దెకు తీసుకుని, మూడు కెమెరాలతో స్టూడియో పెట్టాలనుకుంటున్నాను. ఎనిమిది లక్షల పర్సనల్ లోన్‌కు దరఖాస్తు కూడా చేశాను. మా ఆవిడ ‘ఉద్యోగం ఉంచుకుని ఏడాది చూడండి’ అంటోంది. మాకు మూడేళ్ల పాప ఉంది. ఏం చేయమంటారు? ఎన్నాళ్లు చూసి, కుదరదని తేల్చుకోవాలి?

సమాధానం: మీరు రోగన్‌నూ మారన్‌నూ ఒకే వాక్యంలో పక్కపక్కన పెట్టారు. మీ నిర్ణయమంతా ఆ పోలిక మీదే నిలబడి ఉంది కాబట్టి ముందు వారిని విడదీయాలి. రోగన్ 2009 డిసెంబరులో ఇంటర్నెట్‌లో కబుర్లు మొదలుపెట్టేనాటికే అమెరికన్ టెలివిజన్‌లో స్థిరపడిన మనిషి. 1990లలో ‘న్యూస్‌రేడియో’ అనే హాస్య ధారావాహికలో నటించారు, 2001 నుంచి 2006 దాకా ‘ఫియర్ ఫ్యాక్టర్’ కార్యక్రమాన్ని నడిపారు, పైగా మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీలకు వ్యాఖ్యాత. పాడ్‌కాస్ట్ మీద ఒక్క డాలరు రాకపోయినా ఆయన ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. కోనన్ ఓబ్రయన్ సంగతీ అంతే. పాతికేళ్లు రాత్రిపూట టాక్ షోలు నడిపిన తరువాత, 2018లో, ఆ పేరుతోనే పాడ్‌కాస్ట్‌లోకి వచ్చారు. వీరిద్దరూ ఉన్న సొమ్మును వేరే ఖాతాలోకి మార్చుకున్నవారు. మీ దగ్గర మార్చుకోవడానికి ఇంకా ఏమీ లేదు కనుక, వారి దారి చూసి మీరు నేర్చుకోగలిగింది చాలా తక్కువ.

మారన్ కథ వేరు, మీకు పనికివచ్చేది అదే. 1963లో న్యూజెర్సీలో పుట్టి, న్యూ మెక్సికోలోని ఆల్బకర్కీలో పెరిగి, బోస్టన్ విశ్వవిద్యాలయంలో చదువు ముగించుకున్న ఆయన, 1980ల చివర్లో లాస్ ఏంజెలెస్‌లోని కామెడీ స్టోర్ అనే క్లబ్బులో గుమ్మం దగ్గర పనితో మొదలయ్యారు. శామ్ కినిసన్ వంటి పేరున్న కమెడియన్ల వెంట తిరిగి, కొకైన్‌కు అలవాటుపడి, ఒళ్లూ మనసూ పాడుచేసుకుని అక్కడి నుంచి వెనుదిరిగారు. 1999 నుంచి మత్తు జోలికి పోలేదు. టీవీలో కొన్నాళ్లు వ్యాఖ్యాతగా ఉన్నారు, కోనన్ షోలో పదుల సార్లు కనిపించారు. అయినా ఆయన పేరు తోటి కమెడియన్ల మధ్యే ఉండిపోయింది. తనతో మొదలైనవాళ్లు ఒక్కొక్కరుగా తనను దాటి వెళ్లిపోతుంటే కుళ్లుకున్నానని ఆయన ఎన్నోసార్లు నోరు విప్పి చెప్పుకున్నారు. 2004లో ఎయిర్ అమెరికా అనే రేడియో సంస్థలో ఉదయపు కార్యక్రమం దొరికింది, పోయింది. మళ్లీ దొరికింది, 2009లో మళ్లీ పోయింది. అప్పటికి ఆయనకు 45 ఏళ్లు, రెండో పెళ్లి విడాకులతో ముగిసింది, చేతిలో డబ్బు లేదు. ఉద్యోగం తీసేసినా లోపలికి వెళ్లే కార్డు ఇంకా పనిచేస్తూ ఉండడంతో, రాత్రిపూట అదే రేడియో స్టూడియోలోకి వెళ్లి, 2009 సెప్టెంబరు 1న ‘డబ్ల్యూటీఎఫ్’ అనే పాడ్‌కాస్ట్‌ను విడుదల చేశారు. తరువాత లాస్ ఏంజెలెస్‌కు తిరిగి వెళ్లి, హైలాండ్ పార్క్ అనే పేటలోని తన ఇంటి గ్యారేజీలో, పుస్తకాల, గిటార్ల మధ్య రెండు మైకులు పెట్టుకున్నారు.

ఇక్కడ మీరు గమనించవలసింది గ్యారేజీని కాదు. గ్యారేజీలో మొదలుపెట్టి పెద్దవాడైన కథలు అమెరికాలో కావలసినన్ని ఉన్నాయి, వాటిలో చాలావరకు అలంకారమే. చూడవలసింది ఆ గ్యారేజీకి ఎవరిని పిలిచారు, ఏమి అడిగారు అన్నది. తొలి రోజుల్లో అతిథులు దాదాపు అందరూ కమెడియన్లే, వారిలో కొందరితో ఆయనకు పాత తగాదాలు ఉన్నాయి. పాతికేళ్ల క్రితం ఏ క్లబ్బులో ఎవరిని ఏమన్నానో, ఎవరు తన మీద ఇంకా కోపంగా ఉన్నారో తెలుసుకోవడమే సగం సంభాషణ. వెళ్లబోయే ముందు అతిథిని ‘మనిద్దరి మధ్య అంతా బాగానే ఉంది కదా’ అన్న అర్థంలో ఒక మాట అడగడం ఆయనకు ఊతపదమే అయిపోయింది. వినేవారికి అది ఇంటర్వ్యూలా అనిపించలేదు; ఇద్దరు మనుషులు తమ మధ్య ఉన్న లెక్క తేల్చుకుంటుంటే పక్క గదిలోంచి వింటున్నట్టు అనిపించింది.

ఇంకో ఉదాహరణ చెబుతాను. 1995 ప్రాంతంలో మారన్ ‘సాటర్‌డే నైట్ లైవ్’ అనే అమెరికన్ టీవీ హాస్య కార్యక్రమంలో చేరాలని, దాని అధిపతి లోర్న్ మైకేల్స్‌ను కలిశారు. ఉద్యోగం రాలేదు. ఎందుకు రాలేదన్న ప్రశ్న ఆయనను ఇరవై ఏళ్లు వదలలేదు. ఆ బల్ల మీద గిన్నెలో ఉన్న మిఠాయి బిళ్ల తీసుకోవడం వల్లనే తన పని చెడిందేమో అన్నంతగా తవ్వుకున్నారు. ఆ కార్యక్రమంలో పనిచేసిన వారెవరు గ్యారేజీకి వచ్చినా, లోర్న్‌తో మీ తొలి సమావేశం ఎలా జరిగింది అని తప్పకుండా అడిగేవారు. చివరికి 2015లో లోర్న్ మైకేల్సే ఆయన ముందు కూర్చుని సమాధానం చెప్పారు. మరొకరి చేతిలో ఆ అనుభవం ఒక జోకుగా ముగిసిపోయేది, లేదా మనసులో ముల్లుగా మిగిలిపోయేది. మారన్ దానిని ఏళ్ల తరబడి అడగదగిన ప్రశ్నగా మార్చుకున్నారు.

ఇప్పుడు మీ ఉత్తరానికి వస్తాను. అందులో మణికొండ గది, మూడు కెమెరాలు, ఎనిమిది లక్షలు ఉన్నాయి. మీ కార్యక్రమం దేని గురించో ఒక్క ముక్క కూడా లేదు. ఉత్తరమంతటిలో నాకు ప్రాణమున్నట్టు కనిపించినది ఒకే మాట: ఇద్దరు స్నేహితులు సినిమాల్లోకి వెళ్లిపోయారు, వాళ్లతో మాట్లాడబుద్ధి కావడం లేదు అన్నది. దానిని మీరు సిగ్గుపడి దాచుకోవలసిన సంగతిలా, మధ్యలో ముక్తసరిగా రాశారు. నా సలహా అంతా దాని మీదే ఆధారపడి ఉంది. మీరు పాడ్‌కాస్ట్ మొదలుపెడితే తొలి అతిథులు ఆ ఇద్దరే కావాలి, తొలి ప్రశ్న మీరు అడగడానికి భయపడుతున్నదే కావాలి. మీకు వచ్చిన తొలి అవకాశం వివరం నాకెందుకు చెప్పలేదు అనో, నాలో ఏమి తక్కువని మీకు అనిపించేది అనో, ఏదైతే రాత్రిపూట మిమ్మల్ని తొలుస్తోందో అది. అడగలేకపోతే, స్టూడియో ఎంత బాగున్నా మీరు చేసేది కొత్త సినిమా విడుదల సమయంలో ప్రతి ఛానల్‌లోనూ వచ్చే ముఖాముఖి లాంటిదే అవుతుంది. ‘ఈ పాత్ర మీకెలా అనిపించింది’, ‘సెట్‌లో సరదా సంఘటన ఏదైనా చెప్పండి’ అని అడగడానికి మన దగ్గర మనుషుల కొరత లేదు.

స్టాండప్ మానేయాలన్న ఆలోచనను మాత్రం ఒప్పుకోలేను. పాడ్‌కాస్ట్ వచ్చిందని మారన్ స్టాండప్ వదిలిపెట్టలేదు. పాడ్‌కాస్ట్ విని ఆయన స్వభావం తెలిసిన జనం టికెట్లు కొని ఆయన షోలకు రావడం మొదలుపెట్టారు. నలభై ఐదేళ్ల దాకా నిండని హాళ్లు ఆ తరువాత నిండాయి. 2013 నుంచి 2016 వరకు ఆయన జీవితం ఆధారంగానే ‘మారన్’ అనే టీవీ ధారావాహిక నడిచింది, ఆపైన నెట్‌ఫ్లిక్స్‌లో ‘గ్లో’ ధారావాహికలో మంచి పాత్ర వచ్చింది. అంటే పాడ్‌కాస్ట్ ఆయనను కామెడీ నుంచి బయటపడవేయలేదు, కామెడీకి ప్రేక్షకులను తెచ్చిపెట్టింది. ‘నా కోసమే వచ్చేవాళ్లు లేరు’ అన్న మీ బాధకు పాడ్‌కాస్ట్ మందు కావచ్చు. కానీ వాళ్లు వచ్చేనాటికి చూపించడానికి మీ దగ్గర ఆట ఉండాలి కదా.

అయితే వేదిక మీది అలవాట్లలో ఒకటి మైకు ముందు మీకు శత్రువవుతుంది. హాలు నిశ్శబ్దమైతే కమెడియన్‌కు ఊపిరి ఆగినట్టు ఉంటుంది, వెంటనే ఏదో ఒకటి విసురుతాడు. సంభాషణలో అతిథి ఒక్క క్షణం ఆగాడంటే చాలాసార్లు అతడు చెప్పాలా వద్దా అని తేల్చుకుంటున్నాడన్న మాట. అప్పుడు మీరు జోకు వేస్తే అతడు ఆ నవ్వులోంచి తప్పించుకుపోతాడు, మళ్లీ దొరకడు. 2010లో రాబిన్ విలియమ్స్ ఇంటికి వెళ్లి మారన్ రికార్డు చేసిన భాగం వినండి. వేదిక మీద క్షణానికో గొంతు మార్చే మనిషి అక్కడ నెమ్మదిగా, మామూలు గొంతుతో, తన తాగుడు గురించీ చావు ఆలోచనల గురించీ మాట్లాడతారు. మధ్యలో నవ్విస్తారు, మారన్ నవ్వుతారు, కానీ ఆయనతో పోటీకి దిగరు. 2014లో విలియమ్స్ మరణించినప్పుడు ఎందరో మళ్లీ ఆ సంభాషణకే వెళ్లారు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2022లో దానిని భద్రపరచదగిన జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చింది. తెలుగులో ఈ గుణం చూడాలంటే ఈటీవీలో అలీ నడిపిన ‘ఆలీతో సరదాగా’ భాగాలు కొన్ని చూడండి. పేరులోనే సరదా ఉన్నా, అవకాశాలు తగ్గిన పాతతరం నటీనటులు వచ్చినప్పుడు అలీ తన హాస్యాన్ని కాస్త పక్కన పెట్టి, చిన్నప్పటి నుంచీ ఆ పరిశ్రమలో పెరిగినవాడికి మాత్రమే తెలిసిన సంగతులు అడగడం కనిపిస్తుంది. అక్కడ మీకు నచ్చనివీ ఉంటాయి, నాకూ ఉన్నాయి. కానీ ఆయనకు ఆ చనువు ఎక్కడి నుంచి వచ్చిందో గమనించండి.

ప్రశ్న అడగడంలో మరో మెట్టు ఉంది. కార్లోస్ మెన్సియా అనే కమెడియన్ ఇతరుల జోకులు దొంగిలిస్తాడని అమెరికన్ కామెడీ లోకంలో పెద్ద ఆరోపణ ఉండేది. 2010లో ఆయన మారన్ దగ్గరకు వచ్చి, సాఫీగా మాట్లాడి, సాఫీగా వెళ్లిపోయారు. ఆయన తనను మాటలతో దాటవేశాడని మారన్‌కు అనుమానం తగిలింది. అప్పుడాయన ఆ సంభాషణను అలాగే వదిలేయకుండా, మెన్సియాను ఎరిగిన వేరే కమెడియన్లతో మాట్లాడి, తరువాత మెన్సియానే మళ్లీ పిలిచి, అవే విషయాలు ఎదురుగా అడిగారు. ఆ రెండోసారి జరిగినది చాలా ఇబ్బందిగా ఉంటుంది, కార్యక్రమానికి పేరు తెచ్చినవాటిలో అదొకటి. మన యూట్యూబ్‌లో ఇలాంటి సందర్భం వస్తే తొలి సంభాషణలోంచే ఒక వాక్యం కత్తిరించి, ఎర్ర అక్షరాల థంబ్‌నెయిల్ పెట్టి, అక్కడితో పని అయిపోయిందనుకుంటారు. మీరు ఆ దారిలోకి వెళితే వ్యూస్ రావచ్చు, అతిథులు మాత్రం రెండోసారి మీ ఫోన్ ఎత్తరు.

స్నేహితులను అడగమన్నాను కాబట్టి అందులోని ప్రమాదమూ చెప్పాలి. తోటి కమెడియన్ లూయీ సీకేతో మారన్ 2010లో చేసిన రెండు భాగాల సంభాషణ, తెగిపోయిన స్నేహాన్ని ఇద్దరూ కలిసి విప్పి చూసుకున్న తీరుకు ప్రసిద్ధమైంది. స్లేట్ పత్రిక 2014లో దానిని అప్పటిదాకా వచ్చిన పాడ్‌కాస్ట్ భాగాలన్నిటిలో అత్యుత్తమమైనదిగా ఎంచింది. 2017లో ఆ లూయీ మీద పలువురు మహిళలు చేసిన లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణలు బయటికి వచ్చాయి, అవి నిజమేనని ఆయన ఒప్పుకున్నారు. అంతకుముందు ఆ వదంతుల గురించి తాను లూయీని అడిగానని, ఆయన కాదంటే స్నేహితుడి మాట నమ్మానని మారన్ తన కార్యక్రమంలోనే చెప్పవలసి వచ్చింది. స్నేహం తలుపు తెరుస్తుంది, కళ్లకు గంతలూ కడుతుంది. మీ ఇద్దరు మిత్రుల విషయంలో అంత దూరం రాకపోవచ్చు. కానీ ముందు ముందు సినిమా రంగంలోని వారితో మాట్లాడేటప్పుడు, అతిథి మీద ఫిర్యాదు ఉన్న మనిషి కూడా మీ కార్యక్రమం వింటుందని గుర్తుంచుకుని మాట్లాడండి.

చట్టం సంగతి క్లుప్తంగా. 2025 ఫిబ్రవరిలో కమెడియన్ సమయ్ రైనా యూట్యూబ్ కార్యక్రమంలో, అతిథిగా వచ్చిన పాడ్‌కాస్టర్ రణవీర్ అలహాబాదియా అడిగిన ఒక అసభ్యమైన ప్రశ్న మీద వేర్వేరు రాష్ట్రాల్లో ఎఫ్‌ఐఆర్‌లు నమోదై, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, రైనా ఆ కార్యక్రమం భాగాలన్నీ తొలగించవలసి వచ్చింది. అమెరికన్ పాడ్‌కాస్టుల్లో విన్న భాషను ఇక్కడికి తెచ్చుకోవద్దు. నష్టపోయేది అతిథి ఒక్కరే కాదు, ఛానల్ ఎవరి పేరు మీద ఉందో వారు కూడా.

డబ్బు దగ్గరికి వద్దాం. 2015 జూన్‌లో అమెరికా అధ్యక్షుడు ఒబామా స్వయంగా మారన్ గ్యారేజీకి వచ్చారు. పక్క ఇళ్ల మీద భద్రతా సిబ్బంది కాపలా కాశారు. చార్ల్‌స్టన్ చర్చిలో తొమ్మిది మంది నల్లజాతీయులను కాల్చి చంపిన ఘటనకు రెండు రోజుల తరువాతి సంభాషణ అది. జాతి వివక్ష గురించి ఒబామా అక్కడ అన్న మాటలు ఆ వారమంతా వార్తల్లో నిలిచాయి. అంతటి సందర్భంలో కూడా శ్రోతలకు అందినది గొంతు మాత్రమే. ‘డబ్ల్యూటీఎఫ్’ మొదటి నుంచీ వినే కార్యక్రమమే, చూసేది కాదు. ఇప్పుడు కాలం మారింది, తెలుగులో పాడ్‌కాస్ట్ అంటే యూట్యూబ్‌లో చూసేదే కనుక మీకు బొమ్మ అవసరమని ఒప్పుకుంటాను. అయినా దానికి ఒక మంచి ఫోనూ, రెండు మంచి మైకులూ, ఫ్యాను శబ్దం, వీధి శబ్దం రాని ఒక గదీ చాలు. బొమ్మ కాస్త మసకగా ఉంటే జనం సర్దుకుంటారు, మాట సరిగ్గా వినిపించకపోతే వెళ్లిపోతారు. మీ ఇంట్లోనే పాప నిద్రపోయిన తరువాత రికార్డు చేసుకోవచ్చు. మారన్‌కు కూడా మొదట్లో దొరికినది ఒక కాఫీ కంపెనీ ప్రకటన వంటి చిన్న చిన్నవే, వాటిని ఆయనే చదివేవారు. శ్రోతల విరాళాలు, పాత భాగాలు వినడానికి కట్టే చందా, ఆపైన పెద్ద ప్రకటనలు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. మన దగ్గర యూట్యూబ్ ప్రకటనల మీద వచ్చేది అమెరికా లెక్కలతో పోలిస్తే చాలా తక్కువ. అమెరికాలోని తెలుగువారు చూస్తే రేటు కొంత మెరుగ్గా ఉంటుంది కానీ, ఈఎంఐ దాని మీద పెట్టుకోవలసినంత కాదు. ఎనిమిది లక్షల అప్పు నెత్తిన ఉంటే మూడో నెలలోనే మీరు థంబ్‌నెయిల్ కోసం ప్రశ్నలు అడగడం మొదలుపెడతారు. నా అభ్యంతరం డబ్బు పోతుందన్న భయం వల్లకన్నా దీనివల్లే ఎక్కువ.

ఖర్చు పెట్టవలసినది ఏదైనా ఉంటే అది మనిషి మీద పెట్టండి. మారన్ పక్కన మొదటి రోజు నుంచి చివరి రోజు వరకు బ్రెండన్ మెక్‌డొనాల్డ్ ఉన్నారు. ఎయిర్ అమెరికా రోజుల నుంచీ ఆయనే నిర్మాత. మైకు ముందు గొంతు వినిపించేది మారన్‌ది, ఆ రెండు గంటల మాటల్లో ఏది ఉండాలో ఏది పోవాలో చూసింది ఆయన. వారానికి రెండు భాగాలు, సోమవారం, గురువారం, పదహారేళ్లు తప్పకుండా వచ్చాయంటే అందులో సగం ఆయన పుణ్యమే. 2020 మే నెలలో మారన్ సహచరి, దర్శకురాలు లిన్ షెల్టన్ హఠాత్తుగా మరణించినప్పుడు కూడా సోమవారం భాగం ఆగలేదు. ఏడుస్తూనే కొద్దిసేపు మాట్లాడి, ఆమెతో తాను చేసిన తొలి సంభాషణను వినిపించారు. అంతటి స్థితిలో పని చేయమని మీకు చెప్పడం లేదు. మీరు పొరబడుతున్నప్పుడు ‘ఇది బాగాలేదు, తీసేద్దాం’ అని మొహం మీద చెప్పగల ఒక మనిషి దొరికాడా లేదా అన్నది కెమెరాలకన్నా ముందు చూసుకోమంటున్నాను. ఆరేళ్లుగా ఓపెన్ మైకుల్లో తిరుగుతున్నారు కాబట్టి, వేదిక ఎక్కడం చేతకాకపోయినా ఇతరుల జోకుల్లో లోపం ఠక్కున పట్టుకునే కుర్రవాడో అమ్మాయో మీకు తెలిసే ఉంటారు. వారితో వాటా మాట్లాడుకోండి, మాటతో సరిపెట్టకుండా కాగితం మీద రాసుకోండి.

ఇక గడువు. మీ ఆవిడ చెప్పిన ఏడాది సరైన లెక్కే. ఉద్యోగం ఉంచుకోమనడం ఇంకా సరైనది. వారానికి రెండు మీ వల్ల కాదు, పదిహేను రోజులకు ఒకటి పెట్టుకుంటే ఏడాదికి పాతికకు దగ్గరగా వస్తాయి. సబ్‌స్క్రైబర్ల సంఖ్యను చూడవద్దని చెప్పను, చూడకుండా ఉండలేరు. దానితోపాటు ఇంకొకటి చూడండి: ‘ఈ సంగతి ఇంతవరకు ఎక్కడా చెప్పలేదు’ అని ఎంతమంది అతిథులు అన్నారు, మీరు పిలవకుండానే మరొకరి ద్వారా విని వస్తామన్నవారు ఎంతమంది. ఏడాది చివర ఈ రెండూ సున్నా అయితే, వేలల్లో సబ్‌స్క్రైబర్లు ఉన్నా ఆపేయండి. ఈ రెండూ ఉండి సంఖ్య మాత్రం లేకపోతే ఇంకో ఏడాది ఇవ్వవచ్చు, అదీ ఉద్యోగంతోనే. మారన్, మెక్‌డొనాల్డ్ ఇద్దరూ కూర్చుని, అలసిపోయాం, చాలు అని ఒప్పుకుని 2025 జూన్‌లో ముగింపు ప్రకటించి, అక్టోబరు 13న ఒబామాతోనే చివరి భాగం చేసి ఆపారు. గిరాకీ తగ్గిన కారణంగా కాదు. మీరు, మీ ఆవిడ, మీ ఎడిటరు ముగ్గురూ కలిసి సమీక్ష తేదీని ఇప్పుడే క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి.

ఆ ఇద్దరు మిత్రులలో ఎవరితో మాట్లాడడం ఎక్కువ కష్టంగా ఉందో వారికి ముందు ఫోన్ చేయండి, పాడ్‌కాస్ట్ మాట మొదటి కాల్‌లో ఎత్తకండి. లోన్ దరఖాస్తు ఇంకా మంజూరు కాకపోయి ఉంటే ఈ వారంలోనే వెనక్కి తీసుకోండి.